వార్తల్లో పదం: యూఎస్‌డీఏ ఇంటి రుణం

అమెరికాలో పల్లెపట్టున ఇల్లు కొనేవారికి ఆ దేశ వ్యవసాయ శాఖ అండగా నిలిచే పథకమిది. శాఖ పేరు చూసి సాగుభూమి ఉండాలేమో అనుకోవద్దు. కావలసింది సొంతంగా కాపురం ఉండటానికి ఒక ఇల్లు. 1949 నాటి గృహనిర్మాణ చట్టంలోని 502వ సెక్షన్ దీనికి ఆధారం. అప్పు ఇచ్చేది బ్యాంకే; 90 శాతం వరకు పూచీ శాఖది. అందుకే డౌన్ పేమెంట్ లేకుండా 30 ఏళ్ల స్థిర వడ్డీ రుణం దొరుకుతుంది. చేతిలో పొదుపు లేని కుటుంబానికి ఇది చిన్న మేలు కాదు.

అసలు చిక్కు ‘పల్లె’ అన్న మాట దగ్గరే ఉంది. 35 వేల లోపు జనాభా ఉన్న కొన్ని పట్టణాలూ ఈ లెక్కలోకి వస్తాయి. నగరం అంచున ఒక వీధి అర్హమైతే పక్క వీధి కాకపోవచ్చు. శాఖ వెబ్‌సైట్‌లోని మ్యాప్‌లో చిరునామా టైప్ చేస్తే తేలిపోతుంది. ఇల్లు నచ్చి మనసు పడ్డాక కాదు, ముందే చూసుకోవాలి. హద్దులు మారుతూ ఉంటాయి కూడా. కుటుంబ ఆదాయం స్థానిక మధ్యస్థ ఆదాయంలో 115 శాతం మించకూడదు. ఇంట్లో సంపాదించే పెద్దలందరిదీ కలుపుతారు. అక్కడి తెలుగువారు గమనించాలి: గ్రీన్‌కార్డు ఉన్నవారు దరఖాస్తు చేయవచ్చు, హెచ్‌1బీ వీసా ఒక్కటే ఉంటే చాలదు.