పని లేక నశించే బాటరీ

షెడ్డులో నిద్రిస్తున్న పాత కారుకు ప్రాణం నిలిపి ఉంచడానికి ఒక చిన్న చార్జరు చాలు. అయితే దానిని తగిలించే క్రమం తెలిసి ఉండాలి.

పాత కారు ఉన్న ఇంట్లో తరచుగా జరిగే ఘట్టం ఇది. పండుగనాటి ఉదయం షెడ్డు తలుపులు తెరుచుకుంటాయి. తాతగారి కాలంనాటి కారుమీద కప్పిన గుడ్డ తొలగుతుంది. ముందురోజే తుడిచి మెరుగుపెట్టిన బండి అది. పిల్లలు పోటీపడి వెనుక సీటులో సర్దుకుంటారు. ఇంటి యజమాని తాళంచెవి తిప్పి సెల్ఫు కొడతాడు. లోపలినుంచి "టక్" మని ఒక్క చప్పుడు, ఆ పైన నిశ్శబ్దం. రెండవసారి ఆ చప్పుడైనా వినిపించదు. ఇరుగుపొరుగువారు వచ్చి తోస్తారు. వీధి చివరిదాకా తోసినా ఇంజను పలకదు. చివరకు పిల్లలు దిగి ఆటో ఎక్కుతారు.

ఇంజనులో లోపం లేదు. టాంకులో పెట్రోలు ఉంది. బాటరీ కొని ఏడాది కూడా కాలేదు. "అసలు వాడనే లేదే, ఎలా పాడయింది?" అని యజమాని ఆశ్చర్యపోతాడు. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. వాడలేదు కనుకనే అది పాడయింది.

ఊరకుండడమే వ్యాధి

కారులో ఉండే సీసపు బాటరీ చాలా పాతది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో దానిని కనిపెట్టాడు. నాటినుంచి నేటివరకు దాని మూలసూత్రం మారలేదు. గంధకామ్లం కలిసిన నీటిలో సీసపు పలకలూ, సీసం ఆక్సైడు పూసిన పలకలూ మునిగి ఉంటాయి. ఒక్కొక్క అర సుమారు రెండు వోల్టులు ఇస్తుంది. అటువంటి అరలు ఆరు కలిస్తే 12 వోల్టుల బాటరీ.

విద్యుత్తు ఇచ్చేటప్పుడు రెండు రకాల పలకలమీద సీసం సల్ఫేటు ఏర్పడుతుంది. చార్జి చేసినప్పుడు అది కరిగి, పలకలు మళ్ళీ మొదటి స్థితికి వస్తాయి. అయితే తీగలన్నీ విప్పి, బాటరీని ఒక మూల ఉంచినా లోపలి రసాయనచర్య పూర్తిగా ఆగదు. సుమారు 25 డిగ్రీల వేడిమిలో నెలకు నూటికి మూడునుంచి ఐదు పాళ్ళ శక్తి దానంతట అదే తరిగిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ తరుగుదల దాదాపు రెండింతలవుతుంది. ఎండాకాలంలో రేకుల షెడ్డులో నిలిచిన కారు సంగతి వేరే చెప్పనక్కరలేదు. కారులో గడియారం వంటిది ఏదైనా నడుస్తూ ఉంటే తరుగుదల ఇంకా ఎక్కువ.

శక్తి తరగడంకంటె, తరిగిన స్థితిలో ఉండిపోవడం పెద్ద ప్రమాదం. కొత్తగా ఏర్పడిన సల్ఫేటు సన్నని పొడిలా ఉంటుంది, సులభంగా కరుగుతుంది. వారాల తరబడి అలాగే వదిలితే అది గట్టి స్ఫటికాలుగా మారుతుంది. తడి సిమెంటును వెంటనే కడిగివేయవచ్చు. ఆరి గట్టిపడిన తరువాత ఎన్ని నీళ్ళు పోసినా ఫలితం ఉండదు. పలకల స్థితీ అంతే. ఆ మేరకు బాటరీ శాశ్వతంగా చచ్చిపోతుంది.

పాత కార్లకు ఈ వ్యాధి ఎక్కువగా రావడానికి కారణం వాటి జీవన విధానమే. అవి రోజూ ఆఫీసుకు వెళ్ళవు. పైగా 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు పైబడి వింటేజి వాహనంగా నమోదైన బండిని నిత్యావసరాలకుగాని, వ్యాపారానికిగాని నడపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే అది రోడ్డెక్కాలి. అంటే ఏడాదిలో అధికభాగం దానికి విశ్రాంతే. ఆ విశ్రాంతి బాటరీకి గిట్టదు.

పది నిమిషాల భ్రమ

వారానికి ఒకసారి ఇంజను నడిపి పది నిమిషాలు అలాగే ఉంచితే చాలునని చాలామంది నమ్ముతారు. ఇది మేలుకంటె కీడే ఎక్కువ చేస్తుంది. ఇంజనును కదిలించడానికి సెల్ఫు మోటారు ఒక్కసారిగా వంద ఆంపియర్లకు మించి లాగుతుంది. పాత కార్లలో ఉండే డైనమో, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. తీసుకున్న అప్పు తీరకుండానే ఇంజను ఆగిపోతుంది. చాలినంత వేడెక్కని ఇంజనులోను, సైలెన్సరులోను నీరు చేరి తుప్పు పట్టడం అదనపు నష్టం.

బాటరీ తీగను విప్పి ఉంచడం కొంత నయం. గడియారం వంటివి తాగే విద్యుత్తు ఆగుతుంది. కాని స్వతస్సిద్ధమైన తరుగుదల ఆగదు.

వెనుకటి రోజులలో ట్రికిల్ చార్జరు అనే పరికరాన్ని వాడేవారు. అది సన్నని ధారగా విద్యుత్తును పంపుతూనే ఉండేది. బాటరీ నిండిందో లేదో దానికి తెలియదు. నిండిన తరువాత వచ్చే విద్యుత్తు లోపలి నీటిని ఉదజని, ప్రాణవాయువులుగా విడగొడుతుంది. నీరు ఇంకిపోతుంది, పలకలు తినివేయబడతాయి. ఆకలితో చావకుండా కాపాడబోయి అజీర్ణంతో చంపినట్లు!

నేటి మెయింటెనెన్స్ చార్జరు బాటరీ స్థితిని కనిపెడుతూ పనిచేస్తుంది. మొదట బాటరీని సుమారు 14.4 వోల్టుల వరకు తీసుకువెళ్ళి నింపుతుంది. నిండిన పిమ్మట తగ్గి, 13.2 నుంచి 13.6 వోల్టుల మధ్య నిలుస్తుంది. అప్పటినుంచి బాటరీ ఎంత కోల్పోతే అంతే ఇస్తుంది. ఈ చార్జర్లలో చాలావాటి సామర్థ్యం ఒక ఆంపియరు చుట్టుపక్కలే. కనుక పూర్తిగా దిగిపోయిన బాటరీని లేపడం వాటి పని కాదు. నిండిన దానిని నిండుగా ఉంచడమే వాటి పని.

కారును అడగవలసిన రెండు ప్రశ్నలు

చార్జరును చేతిలోకి తీసుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది, బాటరీ ఆరు వోల్టులదా, 12 వోల్టులదా? నేడు దాదాపు అన్ని కార్లూ 12 వోల్టులవే గనుక ఈ ప్రశ్న చాలామందికి తోచదు. కాని రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులకు ఆరు వోల్టుల బాటరీలే ఉండేవి. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లోనూ 1960ల మధ్యకాలం దాటేవరకు అంతే. బాటరీపైన నీరుపోసే మూతలు మూడుంటే ఆరు వోల్టులు, ఆరుంటే 12 వోల్టులు. ఆరు వోల్టుల బాటరీకి 12 వోల్టుల చార్జరు తగిలిస్తే అది మరిగి నాశనమవుతుంది. 1960లనాటి ఎం.జి.బి. వంటి కార్లలో సీట్ల వెనుక రెండు ఆరు వోల్టుల బాటరీలు జతగా ఉంటాయి. ఆ రెండూ కలిసి 12 వోల్టులని గుర్తించాలి.

రెండవది, కారు శరీరానికి, అంటే ఎర్తుకు, కలిపి ఉన్న ధ్రువం ఏది? నేటి కార్లలో అది ఋణధ్రువం. కాని 1960ల మధ్యవరకు బ్రిటన్‌లో తయారైన చాలా కార్లలో ధనధ్రువమే ఎర్తు. ఆల్టర్నేటర్లు, ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాతనే ఆ పద్ధతి మారింది. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన మన అంబాసిడర్‌కు మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా ధనధ్రువం ఎర్తు ఉన్న కారే. ఎన్నో చేతులు మారిన పాత కారులో తరువాతి మెకానిక్కు ఎవరైనా దీనిని తారుమారు చేసి ఉండవచ్చు. అందుచేత పుస్తకాన్నిగాని, జ్ఞాపకాన్నిగాని నమ్మరాదు. బాటరీ పెట్టెమీద కూడిక, తీసివేత గుర్తులు చూడాలి. వాటిలో ఏ స్తంభంనుంచి వచ్చిన లావు తీగ కారు లోహానికి బిగించి ఉన్నదో కంటితో చూసి నిర్ధారించుకోవాలి. తీగల రంగులు కూడా సాక్ష్యానికి పనికిరావు.

తగిలించే క్రమం

చార్జరుకు రెండు క్లిప్పులు ఉంటాయి. ఎరుపుది ధనం, నలుపుది ఋణం. కారు ఏ రకమైనా ఈ నియమం మారదు: ఎరుపు ధనంవైపుకే, నలుపు ఋణంవైపుకే. మారేది ఏ క్లిప్పు ముందు, ఏ క్లిప్పు తరువాత అన్నది మాత్రమే.

చార్జరు ప్లగ్గును గోడలోని సాకెట్టుకు పెట్టకముందే పని మొదలుపెట్టాలి. షెడ్డు తలుపులు, కిటికీలు తెరవాలి. చేతి ఉంగరం, లోహపు గొలుసు ఉన్న గడియారం తీసివేయాలి. కారులో దీపాలన్నీ ఆర్పాలి.

ఋణధ్రువం ఎర్తు ఉన్న కారులో మొదట ఎర్ర క్లిప్పును బాటరీ ధనస్తంభానికి పెట్టాలి. తరువాత నల్ల క్లిప్పును బాటరీకి దూరంగా, ఇంజనుమీదగాని చాసిస్ మీదగాని రంగులేని గట్టి లోహభాగానికి తగిలించాలి. కార్బ్యురేటరుకు, పెట్రోలు గొట్టానికి దగ్గరలో మాత్రం పెట్టరాదు. ధనధ్రువం ఎర్తు ఉన్న కారులో మొదట నల్ల క్లిప్పు బాటరీ ఋణస్తంభానికి, తరువాత ఎర్ర క్లిప్పు చాసిస్‌కు. రెండు కార్లకూ సూత్రం ఒకటే: ఎర్తు కాని స్తంభం ముందు, శరీరం తరువాత. రెండు క్లిప్పులూ గట్టిగా పట్టుకున్నాయని చూసుకున్న పిమ్మటనే ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయాలి.

తీసేటప్పుడు క్రమం తలక్రిందులవుతుంది. మొదట స్విచ్చి ఆపి ప్లగ్గు తీయాలి. పిమ్మట శరీరంమీది క్లిప్పు, చివర బాటరీ స్తంభంమీది క్లిప్పు.

ఈ జాగ్రత్త చాదస్తం కాదు. చార్జి అయ్యే బాటరీనుంచి ఉదజని వెలువడుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు చేరితే చాలు, చిన్న రవ్వతో పేలుతుంది. చివరి క్లిప్పు తగిలేటప్పుడే రవ్వ పుట్టే అవకాశం ఎక్కువ. ఆ రవ్వ బాటరీ మూతల దగ్గర పుట్టకూడదనే శరీరంమీది క్లిప్పును దూరంగా పెట్టడం. బాటరీ పేలితే గంధకామ్లం ముఖంమీదికి చిమ్ముతుంది. కళ్ళద్దాలు ధరించడం అందుకే. ఆమ్లం కంటిలో పడితే వెంటనే ధారగా నీటితో చాలాసేపు కడిగి, ఆలస్యం లేకుండా వైద్యునివద్దకు వెళ్ళాలి. షెడ్డులో సిగరెట్టుకు చోటు లేదు.

పాత కార్లలో మరొక చిక్కు ఉంది. దొంగల భయంతోనో, మంటల భయంతోనో చాలామంది ఎర్తు తీగకు ఒక కట్ ఆఫ్ స్విచ్చి అమర్చుకుంటారు. అది తెరిచి ఉంటే శరీరానికి తగిలించిన క్లిప్పుకూ బాటరీకీ సంబంధమే ఉండదు. చార్జరు వెలిగినా బాటరీకి ఏమీ అందదు. యజమాని నెలల తరబడి నిశ్చింతగా ఉంటాడు, బాటరీ మాత్రం చస్తూ ఉంటుంది. ఇటువంటి కారుకు, చార్జరుతోపాటు వచ్చే ఫ్యూజు ఉన్న తీగను బాటరీ రెండు స్తంభాలకే శాశ్వతంగా బిగించడం మంచిది. దాని కొన బానెట్టు బయటకు అందేలా అమర్చితే, ఇక ప్రతిసారీ క్లిప్పులతో పనే లేదు. బిగించేటప్పుడు పానా ఒకేసారి స్తంభానికీ కారు శరీరానికీ తగలకుండా ఉండాలంటే ఎర్తు తీగను ముందుగా విప్పి, చివర బిగించాలి.

నెలకు ఐదు నిమిషాలు

చార్జరు తగిలించి మరచిపోవచ్చునని భావించరాదు. నెలకొకసారి షెడ్డులోకి వెళ్ళి చూడాలి. బాటరీ పెట్టె వేడెక్కి ఉంటే చార్జరును ఆపి కారణం వెదకాలి. పలకలు పైకి తేలి ఉంటే, అవి మునిగేంతవరకు ముందుగానే డిస్టిల్డ్ వాటరు పోయాలి. మిగిలినది బాటరీ నిండిన తరువాతనే పోయాలి, ముందే నింపితే చార్జి అయ్యేటప్పుడు పొంగి పొర్లుతుంది. ఆమ్లం ఎన్నడూ పోయరాదు. స్తంభాలమీద తెల్లని చిలుము కనిపిస్తే, చార్జరు తీసివేసి, వంటసోడా కలిపిన నీటితో తుడిచి, ఆరిన తరువాత వాసెలైను రాయాలి. ఎలుకలు తీగలు కొరికాయేమో చూడాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు చార్జరు తనంతట తాను మళ్ళీ మొదలవుతుందో లేదో ఒకసారి పరీక్షించుకోవాలి.

చార్జరు తీసిన కొన్ని గంటల తరువాత మల్టీమీటరుతో కొలిస్తే బాటరీ ఆరోగ్యం తెలుస్తుంది. 12.6 వోల్టులు గాని ఆపైన గాని ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.4 అయితే ముప్పావు వంతు, 12.2 అయితే సగం. 12 వోల్టులకు వచ్చిందంటే పావు వంతే మిగిలింది. ఆరు వోల్టుల బాటరీకి ఇందులో సగం లెక్క. చార్జరుమీద ఉన్నా కొలత పడిపోతూనే ఉంటే, ఆ బాటరీ ఆయువు తీరినట్లే.

1912 నమూనా కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చేవరకు, కారు కదలాలంటే ముందుకు వెళ్ళి ఇనుప హేండిలు తిప్పవలసి వచ్చేది. అది వెనక్కు తన్ని చేతులు విరిగినవారు ఎందరో. ఆ కష్టాన్ని తప్పించినది ఒక మూల కూర్చుని ఎవరి కంటా పడని ఈ నల్లని పెట్టె. పైకి కనిపించే రంగును మెరిపించేవారు, కనిపించని ఆ పెట్టెకు నెలకు ఐదు నిమిషాలు ఇవ్వగలిగితే, మరుసటి పండుగ ఉదయం కథ మరొక విధంగా నడుస్తుంది. తాళంచెవి తిరుగుతుంది. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుని అందుకుంటుంది. పిల్లలు వెనుక సీటునుంచి దిగవలసిన అవసరం ఉండదు.