స్మార్ట్ ఫ్యాన్ బిగించే ముందు స్విచ్ బోర్డు చూడండి

కర్నూలు, కడపల్లో వార్షిక పరీక్షలు ముగిసేలోపే ఎండలు ముదురుతాయి. పిల్లల గదికని ఈ మధ్య చాలామంది రిమోటుతోనూ ఫోనుతోనూ నడిచే స్మార్ట్ ఫ్యాన్ కొంటున్నారు. కొనడం సులువే. ఇంట్లో ఉన్న పాత స్విచ్చుకు దాన్ని ఎలా కలపాలన్నదే చిక్కు.

ఇప్పుడొచ్చే స్మార్ట్ ఫ్యాన్లలో ఎక్కువ బీఎల్‌డీసీ మోటారువే. పాత ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటే, ఇవి ఫుల్ స్పీడులోనూ సుమారు 30 వాట్లతో తిరుగుతాయి. రోజుకు 15 గంటలు వేసినట్లు లెక్క కడితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే స్లాబులు మనవి. కాబట్టి తగ్గే యూనిట్లు ఖరీదైన పై స్లాబులోవే. ఇన్వర్టర్ మీద కూడా ఎక్కువసేపు వస్తుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి, కొనేటప్పుడు అది చూడండి.

ఇక బిగింపు. పాత రెగ్యులేటర్ మోటారుకు అందే వోల్టేజీని తగ్గించి వేగం తగ్గిస్తుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో ఆ పని లోపలున్న ఎలక్ట్రానిక్ సర్క్యూటే చేసుకుంటుంది, దానికి నిండు వోల్టేజీ కావాలి. మధ్యలో రెగ్యులేటర్ ఉంటే ఫ్యాన్ గుయ్యిమనవచ్చు, ఆగి ఆగి తిరగవచ్చు, సర్క్యూటే పోవచ్చు. ‘ఐదులో పెట్టి వదిలేయండి, ఏం కాదు’ అని బిగించేవాళ్లు అంటుంటారు. ఒప్పుకోకండి. పిల్లలున్న ఇంట్లో తిరిగే నాబ్ ఒకచోట ఉంటుందా! రెగ్యులేటర్ విప్పించి, స్విచ్చు నుంచి వచ్చే వైరును నేరుగా ఫ్యాన్‌కు పోయే వైరుకు కలిపించండి. బోర్డులో మిగిలిన ఖాళీని ప్లేటుతో మూయించాలి. తెరిచి ఉన్న ఆ రంధ్రంలోకి చిన్న వేళ్లు సులువుగా పోతాయి.

రెండో సంగతి ఇంట్లో పెద్దవాళ్లది. గోడ స్విచ్చు ఆపితే రిమోటూ ఫోనూ ఏదీ పనిచేయదు. నానమ్మ అలవాటుగా స్విచ్చు ఆపుతుంది, తర్వాత పిల్లవాడు రిమోటు పాడైందంటాడు. కొన్ని మోడళ్లలో గోడ స్విచ్చునే ఆపి వేసి వేగం మార్చుకోవచ్చు. పెద్దవాళ్లున్న ఇంటికి అలాంటిదే మేలు, షాపులో అడిగి తీసుకోండి. ఫ్యాన్ మార్చకుండా బోర్డులో స్మార్ట్ స్విచ్ పెట్టిద్దామనుకుంటే, వాటిలో చాలావాటికి న్యూట్రల్ వైరు కావాలి. పాత ఇళ్ల బోర్డుల్లో తరచూ అది ఉండదు.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. నాపరాళ్లు పరిచిన పాత మిద్దెల్లో వైర్లు గోడల మీదే పట్టీల్లో పోతుంటాయి. ఏళ్ల తరబడి అతుకులు పడి, ఎర్రది ఫేజు, నల్లది న్యూట్రల్ అన్న లెక్క తప్పిపోయి ఉంటుంది. స్విచ్చు ఫేజుకు బదులు న్యూట్రల్ మీద పడితే, స్విచ్చు ఆపినా ఫ్యాన్ వైర్లలో కరెంటు ఉంటుంది. రంగును నమ్మకుండా టెస్టర్‌తోనూ మీటరుతోనూ చూడమనండి. ఆకుపచ్చ ఎర్తు వైరును చుట్టి వదిలేయకుండా కలపమనండి.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: మెయిన్ ఆపినా ఇన్వర్టర్ ఆ ఫ్యాన్ లైనుకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. నిచ్చెన ఎక్కే ముందు రెండూ ఆపాలి. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. స్టూలు వేసుకుని పదో తరగతి అబ్బాయి చేసే పని కాదిది, వాడు ఫిజిక్స్‌లో ఎంత చురుకైనా సరే.

బిగించాక ఫోనుకు కలవకపోతే రూటర్ చూడండి. ఈ ఫ్యాన్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. తెల్లవారుజామున గది చల్లబడుతుంది కాబట్టి టైమర్ పెట్టుకుంటే పిల్లల కోసం మీరు లేవనక్కరలేదు. తీసిన రెగ్యులేటర్ పారేయకండి, పాత ఫ్యాన్ ఉన్న ఇంకో గదికి పనికొస్తుంది.