ప్రామిస్ బలమంతా గొలుసులోనే

జావాస్క్రిప్ట్‌లో ప్రామిస్ అంటే ఇంకా చేతికి రాని ఫలితానికి ముందే ఇచ్చే రశీదు అని చెప్పడం మామూలు. తప్పేమీ లేదు కానీ, అది సగం కథే. ఆ రశీదు ఆలోచన జావాస్క్రిప్ట్ కన్నా పాతది. ప్రామిస్ అన్న పేరును డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ 1976లోనే వాడారు. 1988లో బార్బరా లిస్కోవ్, ల్యూబా ష్రీరా ఆర్గస్ భాష కోసం దాన్ని మలిచారు. జావాస్క్రిప్ట్‌ను గట్టెక్కించింది రశీదు కాదు, ఒక రశీదు నుంచి ఇంకో రశీదు పుట్టే పద్ధతి.

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ రాసిన ఈ భాషలో, పేజీ కోడ్ ఒకే దారంపై నడుస్తుంది. సర్వర్ జవాబు కోసం అది ఆగితే బటన్లు కూడా పలకవు. అందుకే ‘పని అయ్యాక దీన్ని పిలువు’ అని ఒక ఫంక్షన్‌ను అప్పగించి ముందుకు సాగడం అలవాటైంది. అదే కాల్‌బ్యాక్. ఒక్క పనికైతే చక్కగా సరిపోతుంది. ఖాతాదారు వివరాలు, వాటితో ఆర్డర్లు, వాటితో బిల్లు కావాలంటే మాత్రం ఫంక్షన్‌లో ఫంక్షన్ దూరి కోడ్ కుడివైపుకు జారిపోతుంది. 2009లో జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌పై నడిపే నోడ్ వచ్చాక అక్కడి కోడ్‌కూ ఈ తిప్పలే. అయినా ఆ వాలు కంటికి మాత్రమే ఇబ్బంది. అసలు నష్టం వేరే: కాల్‌బ్యాక్ ఇచ్చే విలువ పిలిచినవాడికి తిరిగి రాదు, అందులో పుట్టిన ఎర్రర్‌ను బయటి ట్రై పట్టుకోలేదు, అది ఎప్పుడో ముగిసిపోయింది.

పోయిన ఆ రెండింటినీ ప్రామిస్‌కు తగిలించే ‘దెన్’ తిరిగి తెచ్చింది. ప్రతి దెన్ ఒక కొత్త ప్రామిస్‌ను ఇస్తుంది. లోపలి ఫంక్షన్ మరో ప్రామిస్‌ను రిటర్న్ చేస్తే, అది తేలేదాకా తర్వాతి మెట్టు ఆగుతుంది. ఎక్కడ ఎర్రర్ వచ్చినా మధ్య మెట్లు దాటి కింది క్యాచ్‌కు చేరుతుంది. ఈ గొలుసు లేకుంటే ఏమవుతుందో జేక్వెరీ లైబ్రరీ చూపించింది. 2011లో 1.5 వెర్షన్‌తో ప్రామిస్‌కు దాని రూపమైన డిఫర్డ్ వచ్చింది, దెన్ కూడా ఉంది, కానీ అది కొత్త ప్రామిస్‌ను ఇచ్చేది కాదు. లోపల విసిరిన ఎర్రర్ క్యాచ్ దాకా చేరడానికి 2016లో 3.0 రావాల్సి వచ్చింది. ప్రామిసెస్/ఎ+ నియమావళి దెన్ ప్రామిస్‌నే ఇవ్వాలని తేల్చింది, 2015లో ప్రామిస్ భాషా ప్రమాణంలోకి ఎక్కింది. కాబట్టి శుభ్రమైన గొలుసుకు ఒక్కటే సూత్రం: మొదలుపెట్టిన పనిని రిటర్న్ చెయ్యాలి. ఆర్డర్లు తెచ్చే ఫంక్షన్‌ను పిలిచి రిటర్న్ మరిచారా, ఆర్డర్లు దారిలో ఉండగానే బిల్లు మెట్టు ‘అన్‌డిఫైన్డ్’ పట్టుకుని మొదలైపోతుంది. ఆ పని విఫలమైనా క్యాచ్‌కు కబురుండదు.

2017 ప్రమాణంలో అసింక్, అవెయిట్ వచ్చాయి కదా, ఇంకా గొలుసు గొడవెందుకని అడగవచ్చు. అసింక్ ఫంక్షన్ ఇచ్చేదీ ప్రామిసే. అవెయిట్ మరవడం, రిటర్న్ మరవడం ఒకే పొరపాటుకు రెండు వేషాలు. గొలుసు పనిని ఆలస్యం చేస్తుందన్నది ఇంకో ఆక్షేపణ. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు రిక్వెస్టులు తలా 2 సెకన్లు తీసుకుంటే వరసలో 6 సెకన్లు పడుతుంది, ప్రామిస్ ఆల్‌తో దాదాపు 2 చాలు. నిజమే, కానీ అక్కడ తప్పు గొలుసుది కాదు, అక్కర్లేని చోట వరస కట్టినవారిది. ఇక క్యాచ్ లేని ఎర్రర్లు చడీచప్పుడు లేకుండా మాయమవుతాయన్న ఫిర్యాదు ఒకప్పుడు న్యాయమైనదే. 2020లో వచ్చిన నోడ్ 15 నుంచి, ఎవరూ పట్టించుకోని వైఫల్యం ప్రోగ్రామ్‌నే ఆపేస్తోంది. గొలుసులో ఊడిన లంకెను ఇక దాచలేం.