తుఫాను తప్పిపోయిన మర్నాడు



"తుఫాను ముప్పు తప్పింది" అన్న కబురు చెవిన పడగానే మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? మడిచి లోపల పెట్టిన ఒడియాల గుడ్డ మళ్ళీ డాబా మీద పరుస్తాం. వసారాలోకి చేర్చిన వంటచెరకు ఎండలో వేస్తాం. "అమ్మయ్య, గండం గడిచింది" అనుకుని పనుల్లో పడతాం. మిగతా కాలాల్లో అలా అనుకుంటే తప్పు లేదు. వేసవిలో మాత్రం అంత తొందర పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను మనల్ని తాకకుండా పక్కనుంచి పోయిందంటే, చాలాసార్లు దాని వెనకాలే వడగాడ్పు వస్తుంది. అది ఎందుకు వస్తుందో, అప్పుడు మనం ఏం చూసుకోవాలో యీవేళ చెప్పుకుందాం.

ముందు మన చోడవరం ఎక్కడ వుందో చూడండి. ఇదివరకు విశాఖపట్నం జిల్లాలో వుండేది, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా దిక్కులు మారవు కదా! మనకు ఆగ్నేయాన సముద్రం. వాయవ్యాన మాడుగుల కొండలు, వాటి పైన పాడేరు మన్యం. మధ్యలో చెరకు భూములూ, జీడి తోటలూ, మనమూ.

మామూలు వేసవి రోజున పొద్దెక్కే కొద్దీ నేల కాగుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి పోతుంది. ఆ ఖాళీ నింపడానికి సముద్రం మీది గాలి లోపలికి వస్తుంది. అందులో తేమ ఎక్కువ గనక చెమట ఆరదు. "ఎంత ఉక్కగా వుందో" అని విసుక్కుంటాం. ఉక్కలో ఒళ్ళు వంచి పనిచేస్తే వడదెబ్బ తగలదని కాదు, తగులుతుంది. కాని ఆ సముద్రపు గాలి వస్తున్నంతసేపూ ఎండకు ఒక పగ్గం వున్నట్టే.

తుఫాను ఆ పగ్గాన్ని తెంచేస్తుంది. ఎలాగంటారా? గుడి చుట్టూ మనం ప్రదక్షిణం చేసే దిక్కు ఒకటుంది చూడండి, బంగాళాఖాతంలో తుఫాను గాలి సరిగ్గా దానికి ఎదురు దిక్కున తిరుగుతుంది. సుడి సముద్రం నడుమ వుంటే, మన తీరం దానికి పడమటి అంచున పడుతుంది. ఆ అంచున గాలి ఉత్తరం నుంచి, వాయవ్యం నుంచి వీస్తుంది. అంటే సముద్రం నుంచి రావలసిన గాలి ఆగిపోయి, నేల మీదనుంచి గాలి సముద్రంలోకి పోతుందన్నమాట. పైగా సుడి చుట్టుపక్కల తేమనంతా తన దగ్గరకు లాక్కుంటుంది. మబ్బులన్నీ అక్కడ పోగుపడతాయి. మన నెత్తిన ఆకాశం తేటగా వుండి, ఎండ అడ్డూ ఆపూ లేకుండా కాస్తుంది.

మరో సంగతి. ఆ వాయవ్య గాలి ఛత్తీస్‌గఢ్, ఒరిస్సా ఎగువ భూముల మీద ఎండిపోయి, మన్యం కొండలు దాటి కిందికి దిగుతుంది. దిగే గాలి ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. పాడేరు దాదాపు 900 మీటర్ల ఎత్తున వుంది. అక్కడినుంచి మన పల్లానికి దిగేసరికి ఆ గాలి ఎంత కాగుతుందో మీరే లెక్క కట్టుకోండి.

"ఏటమ్మా, తుపాను ఎల్లిపోనాదన్నారు, మరి గాలి ఇలాగ మండిపోతందేటి?" అని మనవైపు పెద్దవాళ్ళు అడుగుతుంటారు. అది అలా వెళ్ళిపోయింది కాబట్టే మామ్మా, అని చెప్పాలి మనం.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2003 మే నెలలో బంగాళాఖాతంలో ఒక తుఫాను పుట్టింది. శ్రీలంకలో పెద్ద వరదలు తెచ్చి, ఈశాన్యంగా తిరిగి, 19వ తేదీన బర్మా తీరం దాటింది. ఆంధ్రదేశానికి గాలీ లేదు, వానా లేదు. కాని ఆ మే, జూన్ నెలల్లో వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2023లో మోచా తుఫాను కూడా మే 14న బర్మాలోనే తీరం దాటింది. ఆ రోజుల్లోనూ మన కోస్తా జిల్లాలకు వడగాడ్పు హెచ్చరికలు వచ్చాయి. దీనికి భిన్నంగా 2022 మే 11న అసాని తుఫాను బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం ప్రాంతంలో మన తీరానికే వచ్చింది. వానలు పడ్డాయి, నడివేసవిలో ఒళ్ళు చల్లబడింది. చూశారా! మన మీదికి వచ్చిన తుఫాను చల్లబరిచింది, రానిది కాల్చింది.

అందుచేత వాతావరణ వార్త వినేటప్పుడు, రేడియోలోనైనా ఫోనులోనైనా, "మనకు ప్రమాదం లేదు" అన్న మాట దగ్గర ఆపెయ్యకండి. తుఫాను ఏ దిక్కుకు పోతోందన్నారో వినండి. ఒరిస్సా, బెంగాల్, బర్మా వైపు అన్నారంటే, ఆ తరువాతి నాలుగైదు రోజులూ మనం ఎండ విషయంలో కళ్ళు తెరుచుకు వుండాలి. తీరప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలైనా వుండి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే దాన్ని వడగాడ్పుగా లెక్కిస్తుంది వాతావరణ శాఖ. మైదానాల్లో అయితే ఆ హద్దు 40 డిగ్రీలు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా కూడా హెచ్చరికలు ఇస్తోంది. మన మండలం పేరు అందులో వుందేమో చూసుకోవడం కష్టమేమీ కాదు.

వడగాడ్పులో మోసం ఒకటుంది. ఉక్కలో చెమట కారుతుంటే నీళ్ళు పోతున్నాయని మనకే తెలుస్తుంది. పొడిగాలిలో చెమట పట్టీపట్టకుండానే ఆరిపోతుంది. ఒంట్లో నీరు పోతున్నదని తెలియదు. కళ్ళు తిరిగాక గాని మెలకువ రాదు. దాహం వేసేదాకా ఆగకుండా గంటగంటకూ ఏదో ఒకటి తాగుతుండాలి. మనకేం తక్కువ? చోడి అంబలి వుంది, తరవాణి వుంది, ఉప్పు వేసిన పలచని మజ్జిగ వుంది. నీరసపడినవారికి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి సుమండీ. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడు.

ఇక్కడ ఆడవాళ్ళ సంగతి ఒకటి దాచకుండా చెప్పుకోవాలి. చెరకు కలుపుకో, జీడిపిక్కలు ఏరడానికో, చెరువు మట్టి పనికో పోయే మన అక్కచెల్లెళ్ళు చాలామంది పొద్దున్నుంచీ కావాలనే నీళ్ళు తాగరు. ఎందుకు? మరుగుకు పోయే చోటు వుండదు గనక. సిగ్గుకోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే యిది. పదిమంది కలిసి పనిచేసే చోట నాలుగు తడికలు నిలబెట్టమని మేస్త్రీని గట్టిగా అడగండి. పని ఉదయం 11 గంటలకల్లా ముగించి, మిగిలింది సాయంత్రం చేస్తామని చెప్పండి. ఒక్కరు అడిగితే గొణుగుడు, అందరూ అడిగితే మాట.

ఇంట్లో వున్నవారికి వంటగదే బట్టీ. వడగాడ్పు రోజుల్లో తొలిజామునే పొయ్యి వెలిగించి రెండు పూటలకూ కూరా పప్పూ కానిచ్చెయ్యండి. మంచంలో వున్న ముసలివారిని మరవకండి. వాళ్ళకు దాహం తెలియదు, అడగరు. రేకుల ఇంట్లో వుంటే పగటిపూట చెట్టు నీడకో, పెంకుటింటి వసారాలోకో మార్చండి. రక్తపోటు మాత్రలు వేసుకునేవారుంటే ఎండల్లో ఎలా వాడాలో డాక్టరును ముందుగానే అడిగి వుంచుకోండి. ఎవరైనా మాట తడబడి, ఒళ్ళు పెనంలా కాలుతూ, సొమ్మసిల్లితే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చెయ్యండి. బండి వచ్చేలోగా నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరి గొట్టంలోకి పోతాయి.

చివరిగా చెట్టు మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు ఎన్ని చెట్లు కూలాయో మనకు తెలుసు. తుఫాను గాలి ఒక్క రోజుతో పోయింది. పోయిన నీడ మాత్రం ఏళ్ళ తరబడి తిరిగి రాలేదు. పెరట్లో ఒక్క వేప మొక్క నాటి, అంట్లు కడిగిన నీళ్ళు దానికి మళ్ళించినా, కొన్నేళ్ళకు ఒక ముసలి ప్రాణానికి మంచం వేసుకునే చోటవుతుంది.

తుఫాను చప్పుడు చేస్తూ వస్తుంది, అందరం తలుపులు వేసుకుంటాం. ఎండ చప్పుడు లేకుండా వస్తుంది. దానికి తలుపు వెయ్యవలసింది ఇంట్లో మెలకువగా వున్న ఇల్లాలే. జూన్ రెండోవారానికి నైరుతి పవనాలు మనదాకా వస్తాయి. అంతవరకూ రోళ్ళు పగిలే రోహిణి కార్తెను కూడా దాటాలి. కడవ నిండా నీళ్ళు వుంచండి. ముందు మీరు తాగండి, తరువాత అందరికీ తాగించండి.

సెలవు.