వన్స్‌మోర్ ఎక్కడికీ పోలేదు

రాత్రి పదింటికని చెప్పిన కురుక్షేత్రం పదకొండున్నరకి మొదలయ్యేది. మా తాతయ్య చాపా, దుప్పటీ, నన్నూ వెంటేసుకుని హార్మోనియం ఉన్న వైపు చోటు పట్టేవాడు. పడకసీను సగంలోనే నేను నిద్రలోకి జారుకునేవాణ్ణి. రాయబారానికి తట్టి లేపేవాడు. "లేరా, రెండో కృష్ణుడొచ్చాడు!" కాంట్రాక్టు నాటకాల్లో అదో ఏర్పాటు. పడకసీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. మొహం మారేది, గొంతు మారేది, ఒక్కోసారి ఎత్తు కూడా మారేది. ఎవరూ కిమ్మనేవారు కాదు. ఈయన పద్యం ఎలా ఎత్తుకున్నాడు, ఆయన ఎలా దించాడు, పొద్దున్న టీకొట్టు దగ్గర తగువంతా దాని మీదే.

ఆ జనం ఇప్పుడు లేరనీ, పద్య నాటకానికి రోజులు చెల్లాయనీ అనని వేదిక లేదు. నేనొప్పుకోను. 2022 ఆగస్టులో ‘పోకిరి’ మళ్లీ విడుదలైనప్పుడు హాల్లో ఏం జరిగిందో గుర్తుందా? అది 2006 నాటి సినిమా. కథ తెలుసు, ముగింపు తెలుసు. అయినా తెర మీద హీరో నోరు తెరవకముందే డైలాగు హాలంతా మోగింది. పాటొస్తే కుర్చీలు వదిలేసి ఆడారు. కురుక్షేత్రానికి వచ్చినవాళ్లు మాత్రం యుద్ధం జరుగుతుందో లేదో తెలుసుకుందామనా వచ్చింది? తెలిసిన మాటను ఇష్టమైన గొంతులో ఇంకోసారి వినాలి, నలుగురితో కలిసి వినాలి. ఆ ఆకలి అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

అమెరికా వాళ్లకి ఈ తగువు ఈమధ్యే మొదలైనట్టుంది. బ్రాడ్‌వే సంగీత నాటకం ‘వికెడ్’ 2024 నవంబరులో సినిమాగా వచ్చినప్పుడు, ప్రేక్షకులు పాటలు అందుకోవచ్చా, కూడదా అని పెద్ద రభసే జరిగింది. పాడొద్దని హాళ్లలో హెచ్చరికలు వేశారు. చివరికి క్రిస్మస్ నుంచి, పాడాలనుకునేవాళ్ల కోసం విడిగా ఆటలే వేశారు. మన టూరింగు టాకీసులో నేల టికెట్టువాడు వింటే నవ్విపోయేవాడు.

నిన్నటి ఫ్యాషనే

సంప్రదాయం అంటూ చేతులు జోడించే పెద్దలకి ఒక మాట. పద్య నాటకం పుట్టినప్పుడు అదీ కొత్త మోజే. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడింది. అది చూసి మనవాళ్లకీ నాటకాల మీద మనసైంది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలోకి పాటల్నీ పద్యాల్నీ రాగాలతో తెచ్చారు. హార్మోనియమైతే ఏకంగా ఐరోపా నుంచి దిగిన పెట్టె. పాత్రలు రాగం తీస్తే అది నాటకమా, పాటకచేరీయా అని విసుక్కున్న పండితులూ ఉండే ఉంటారు.

ఇక సినిమా మింగేసిందన్న ఫిర్యాదు. తొలి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ధర్మవరం వారి నాటకమే, ఆడింది సురభి వాళ్లే. సినిమా మన పెరట్లోంచే మొక్క పట్టుకెళ్లింది. పైగా మనకో పాఠమూ చెప్పింది. ఘంటసాల పాడిన పద్యంలో ప్రతి మాటా వినపడుతుంది, రాగం భావానికి గొడుగు పడుతుంది. అదే సమయంలో రంగస్థలం మీద రాగం కుస్తీగోదాలోకి దిగింది. నాలుగు పాదాల పద్యానికి నాలుగు నిమిషాల ఆలాపన! ఈల వేసేది మేమే, వన్స్‌మోర్ అరిచేది మేమే. చచ్చి పడిపోయిన పాత్ర లేచొచ్చి పద్యం మళ్లీ పాడి, బుద్ధిగా వెళ్లి మళ్లీ పడిపోయిందని చెప్పుకుని నవ్వుకుంటాం. నాటకాన్ని ముక్కలు చేసిన పాపంలో మా వాటా పెద్దదే.

అంతకన్నా పెద్ద పాపం ‘చింతామణి’ విషయంలో జరిగింది. వేశ్యా వ్యసనం కొంపలు ఎలా కూలుస్తుందో చెప్పడానికి కాళ్లకూరి నారాయణరావు రాసిన నాటకమది. చప్పట్లు పడుతున్నాయి కదా అని సుబ్బిశెట్టి సీను సాగదీసి, రాతలో లేని బూతు కలిపి ఊరూరా ఆడారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. కలిపిన బూతు కోసం కాళ్లకూరి రాతకి శిక్ష వేయడం నాకు నచ్చలేదు. అలాగని ఆ బూతుకి ఈల వేసినవాళ్లం అమాయకులమూ కాదు.

తాడు కనిపించినా సరే

సురభి సంగతి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టింది తరాలుగా ఇంటిల్లిపాదీ ఆడుతూనే ఉన్నారు. వాళ్ల ‘మాయాబజార్’కి ఓసారి మా మేనకోడలి కొడుకుని తీసుకెళ్లాను. ఇంట్లో చేతినుంచి సెల్లు దించడు. బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాలాయి. వాడు కుర్చీ మీదకెక్కి నిలబడ్డాడు. "తాతా, తాడు కనిపిస్తోంది!" అన్నాడు. అని మళ్లీ కేరింతలే. గ్రాఫిక్స్‌లో తాడు కనిపిస్తే నవ్వులపాలు. ఇక్కడ తాడు వెనక ఒక మనిషి ఉన్నాడని పిల్లాడికి తెలిసిపోయింది, అందుకే సంబరం. ఈ బృందాన్ని నడిపిన నాగేశ్వరరావు, అందరి బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు వాళ్లు ఫ్రాన్సు వెళ్లి ఆడొచ్చారు.

మరి హాళ్లెందుకు ఖాళీ? నాకు తెలిసిన కారణం చిన్నది. ఈమధ్య ఒక పట్నంలో నాటకం ఉందంటే ఆరింటికల్లా వెళ్లి కూర్చున్నాను. ప్రవేశం ఉచితం. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు, మళ్లీ ఉపన్యాసాలు. హరిశ్చంద్రుడు రంగు పూసుకుని తెర పక్కన నిలబడే ఉన్నాడు, పాపం. ఆయన కాటికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఆఖరి బస్సు ఉన్నవాళ్లంతా వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో సగం మంది శాలువాలు కప్పించుకున్నవాళ్లే. డబ్బిచ్చి కొన్న టికెట్టు చేతిలో ఉంటే ఆ ఉపన్యాసాన్ని ఎవరు సాగనిస్తారు? పరిషత్తు పోటీల్లో న్యాయనిర్ణేతల కోసం ఆడీ ఆడీ, జనం కోసం ఆడటం అలవాటు తప్పింది.

నిర్వాహకులకి నా విన్నపం ఒక్కటే. శాలువాలు మానండి, టికెట్టు పెట్టండి. వందే పెట్టండి. చెప్పిన వేళకి తెర ఎత్తండి. చదువుతున్న మీకూ ఒక మాట. మీ ఊళ్లో ఈసారి పద్య నాటకం పడితే టికెట్టు కొనుక్కుని వెళ్లండి. ఫోను జేబులోనే ఉంచండి. పద్యం బాగుంటే మొహమాటపడకండి, గట్టిగా వన్స్‌మోర్ అనండి. హార్మోనిస్టు మీ వైపు తిరిగి నవ్వుతాడు.