సర్కారు సాయమంటే ఎవరికి భయం?

“నేను సర్కారు మనిషిని, మీకు సాయం చెయ్యడానికి వచ్చాను.” ఇంగ్లీషు భాషలో ఇంతకన్నా భయంకరమైన మాట లేదట! 1986 ఆగస్టు 12న చికాగో పత్రికా గోష్ఠిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఈ చమత్కారం విసిరాడు. నాటినుంచి నేటిదాకా అక్కడి మితవాద వ్యాఖ్యాతలకు అదే తారకమంత్రం. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, పన్నులు తగ్గాలి, మార్కెట్టును దాని మానాన వదిలెయ్యాలి. ఏ సమస్య వచ్చినా ఈ మూడు ముక్కలే వారి వైద్యం.

ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మన పేదరైతుకూ, కూలీకీ ఈ మాట వింటే “నిజమే కదా” అనిపిస్తుంది. అందుకే దీన్ని కాస్త విప్పి చూద్దాం.

ఆ గోష్ఠిలోనే రీగన్ ఇంకో సంగతీ చెప్పాడు. కిందటి ప్రభుత్వం నాలుగేళ్లలో రైతులకు ఇచ్చిన మొత్తం కన్నా తాము ఆ ఒక్క ఏడాదిలోనే ఎక్కువ ఖర్చు పెడుతున్నామన్నాడు. ఆ ఏడాది పంటల మద్దతుకు అయిన ఖర్చు సుమారు 2,600 కోట్ల డాలర్లు. సాయం భయంకరమన్న నోటితోనే సాయం లెక్క చదివాడన్నమాట! మొదటి మాట దేశదేశాలు తిరిగింది. రెండో మాట ఎవరికీ గుర్తు లేదు.

బీడు పెడితే బస్తాలు

అంతకు మూడేళ్ల ముందు, 1983లో, రీగన్ ప్రభుత్వమే ఒక పథకం పెట్టింది. గోదాముల్లో ధాన్యం పేరుకుపోయి ధరలు పడిపోయాయి. పొలం బీడు పెట్టిన రైతుకు, ఆ పొలంలో పండాల్సిన దిగుబడిలో గోధుమకైతే 95 శాతం, మొక్కజొన్న, వరి, పత్తికైతే 80 శాతం సర్కారు నిల్వల నుంచే ఇచ్చారు. ఆ ఏడాది మొత్తం మీద 7 కోట్ల ఎకరాలకు పైగా సాగు ఆగింది.

ఎక్కువ భూమి ఉన్నవాడు ఎక్కువ బీడు పెట్టాడు, ఎక్కువ బస్తాలు ఎత్తుకున్నాడు. మరి ఆ పొలాల్లో కలుపు తీసేవాడు, కోత కోసేవాడు ఏమయ్యాడు? పని పోయిన కూలీకి ఆ పథకంలో గింజ కూడా రాయలేదు. పైగా 1981లోనే పేదల ఆహార కూపన్లకు కోత పెట్టారు. కనీస వేతనం గంటకు 3.35 డాలర్ల దగ్గర 1981 జనవరి నుంచి 1990 ఏప్రిల్ దాకా కదల్లేదు. మార్కెట్టు నీతి ఎవరికి వర్తించిందో చూశారా?

ఇది ఒక్క రీగన్‌తో మొదలైంది కాదు. సంఘం పెట్టుకునే హక్కుకు 1935లో చట్టం చేసినప్పుడు వ్యవసాయ కూలీలను పక్కన పెట్టారు. 1938 కనీస వేతన చట్టంలోనూ చోటివ్వలేదు. దక్షిణాది పొలాల్లో చాకిరీ చేసేవారిలో నల్లవారు అధికం. అక్కడి భూస్వాముల మాట కాంగ్రెసులో చెల్లుబాటయ్యేది. 1966లో చట్టం సవరించాక పెద్ద కమతాల కూలీలకు మాత్రం కనీస వేతనం దక్కింది.

మాట మీద నిలబడినవారెందరు?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మితవాదుల్లో మాట మీద నిలబడినవారూ ఉన్నారు. రీగన్ బడ్జెట్ అధికారి స్టాక్‌మన్ 1985లో, ఇష్టపడి చేసిన అప్పులను పన్ను కట్టేవాళ్లు ఎందుకు తీర్చాలని రైతుల విషయంలోనే సూటిగా అడిగాడు. వడ్డీల భారంతో భూములు పోగొట్టుకుంటున్న చిన్నరైతుకు అది పుండు మీద కారమే. అయినా ఆయనది అందరికీ ఒకే కొలత. కానీ పాలించేవారు ఆ కొలతను ఏనాడూ వాడలేదు.

1996లో రిపబ్లికన్ల కాంగ్రెసు “సేద్యానికి స్వేచ్ఛ” పేరుతో సబ్సిడీలు తగ్గిస్తామంది. ధరలు పడగానే 1998 నుంచి అత్యవసర సాయం మొదలెట్టారు. 2002లో బుష్ సంతకంతో ధరల మద్దతు మళ్లీ చట్టమైంది. 2018లో ట్రంప్ సుంకాల యుద్ధానికి దిగాడు. చైనా సోయా కొనడం తగ్గించింది. నష్టం పూడ్చడానికి రైతులకు సుమారు 2,300 కోట్ల డాలర్లు పంచారు. 2025 జూలై 4న సంతకమైన చట్టం పత్తికీ, వరికీ, వేరుశనగకూ మద్దతు లెక్కకట్టే ధరలు పెంచింది. అదే చట్టం పేదల తిండి సాయానికి పదేళ్లలో సుమారు 18,600 కోట్ల డాలర్ల కోత పెట్టిందని కాంగ్రెసు బడ్జెట్ కార్యాలయమే లెక్కగట్టింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. పేదవాడికి ఆ బంతిలో విస్తరే లేదు.

మన పత్తి సంగతి

దూరదేశపు గొడవ మనకెందుకు అనుకోవద్దు. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు రైతు పత్తి ధర ప్రపంచ మార్కెట్టుతో ముడిపడి ఉంది. అమెరికా పత్తి సబ్సిడీలు నిబంధనలకు విరుద్ధమని బ్రెజిల్ వేసిన కేసులో ప్రపంచ వాణిజ్య సంస్థ 2004లోనే తేల్చింది. ఇక 2025 ఆగస్టులో మన కేంద్రం పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని ఆ ఏడాది చివరిదాకా ఎత్తేసింది. సర్కారు అండ ఉన్న పత్తితో అండలేని పత్తిని పోటీకి దింపడం ఏం మార్కెట్టు?

రేపు మన దగ్గర కనీస వేతనం అడిగినా, ధాన్యం కొనమన్నా “మార్కెట్టుకు వదిలెయ్యండి” అని పెద్దమనుషులు అమెరికాను చూపిస్తారు. అప్పుడు మనం అడగాల్సింది ఒక్కటే: సర్కారు చెయ్యి అక్కడెప్పుడు ఆగింది? అది ఎవరి గాదె నింపుతోంది, ఎవరి కంచం లాగేస్తోంది? ఈ లెక్క ఊరూరా కూలీల సభల్లో చదివి వినిపిద్దాం.