హార్సిలీ (పేరు)

హార్సిలీ అనునది ఇంగ్లాండులోని పలు గ్రామముల పేరు. ఆ గ్రామముల నుండి ఏర్పడిన ఇంటిపేరు కూడా ఇదియే. ఆంధ్రప్రదేశ్‌లో మదనపల్లె సమీపమున, బి.కొత్తకోట మండలములో గల హార్సిలీ హిల్స్ అను వేసవి విడిదికి ఈ పేరు ఒక ఆంగ్లేయ కలెక్టరు వలన వచ్చినది.

వ్యుత్పత్తి

ఇది ప్రాచీన ఆంగ్ల భాషలోని రెండు పదముల కలయిక. మొదటిదైన "హోర్స్" అనగా గుర్రము. రెండవదైన "లేయా" అనగా అడవి, లేదా అడవిలో చెట్లు కొట్టి చేసిన బయలు. తరువాతి కాలములో దీనికి పచ్చికబయలు అను అర్థము కూడా కలిగినది. కావున హార్సిలీ అనగా "గుర్రములను మేపు బయలు" అని చెప్పవచ్చును. స్టాన్లీ (రాతి బయలు), బ్రాడ్లీ (విశాలమైన బయలు) అను పేర్ల చివర ఉన్న "లీ" కూడా ఇదే.

గ్రామములు, ఇంటిపేరు

ఇంగ్లాండులో సర్రే, డెర్బీషైర్, గ్లాస్టర్‌షైర్, నార్తంబర్లాండ్ కౌంటీలలో ఈ పేరు గల గ్రామములు ఉన్నవి. సర్రేలో తూర్పు హార్సిలీ, పశ్చిమ హార్సిలీ అని రెండు కలవు. ఊరు విడిచి వెళ్ళిన వారిని ఆ ఊరి పేరుతో పిలుచుట వలన ఇది ఇంటిపేరుగా మారినది. రాజంపేట సమీపములోని తాళ్ళపాక గ్రామము అన్నమాచార్యుల ఇంటిపేరైనది కూడా ఇట్లే.

ఈ ఇంటిపేరు గల ప్రముఖులు:
* శామ్యూల్ హార్సిలీ (1733–1806) - బిషప్పు, న్యూటన్ రచనల సంపాదకుడు.
* జాన్ కాల్‌కాట్ హార్సిలీ (1817–1903) - చిత్రకారుడు. 1843లో మొదటి క్రిస్మస్ కార్డును చిత్రించెను.
* విక్టర్ హార్సిలీ (1857–1916) - మెదడు, వెన్నుపాము శస్త్రచికిత్సలకు ఆద్యులలో ఒకడు.

హార్సిలీ హిల్స్

ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అను బాలికను ఏనుగులు పెంచినవని, ఆమె కొండవాసుల రోగములు నయము చేసి ఒకనాడు కనిపించకుండా పోయినదని, నాటి నుండి ఆమెను దేవతగా కొలుచుచున్నారని స్థానిక కథ.

ఆ కాలమున మదనపల్లె ప్రాంతము కడప జిల్లాలో ఉండెడిది. ఆ జిల్లా కలెక్టరైన డబ్ల్యు.డి. హార్సిలీ ఇచ్చటి చల్లదనమునకు ముచ్చటపడి, 1870 ప్రాంతములో కొండపై వేసవి విడిది గృహమును కట్టించెను. నాటి నుండి కొండకు ఆయన పేరు స్థిరపడినది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా మదనపల్లె అందులో చేరినది. 2022లో అన్నమయ్య జిల్లాలోనికి మారినది. జిల్లాలు మారినను కొండ పేరు మారలేదు.

పేరులో గుర్రము ఉన్నను, ఈ కొండపై గుర్రములు ఉండుట వలన ఆ పేరు రాలేదు. ఇంగ్లాండులో ఒక బయలు పేరు ఊరి పేరై, ఊరి పేరు ఇంటిపేరై, ఆ ఇంటిపేరు ఇచ్చట మరల స్థలనామమైనది. పాత పేరు మాత్రము ఈ కొండకే చెందిన కథ నుండి పుట్టినది. కావున ఈ ప్రదేశమును గురించి వ్రాయునపుడు రెండు పేర్లను పేర్కొనుట ఉచితము.